నలుగురి లెక్క మారేదాకా

హిందూ వితంతువుల పునర్వివాహాన్ని చట్టబద్ధం చేస్తూ 1856 జులైలో శాసనం వచ్చింది. ఆ డిసెంబరులోనే ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పూనికతో కలకత్తాలో తొలి పెళ్లి జరిగింది. కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో గోగులపాటి శ్రీరాములుకూ గౌరమ్మకూ పెళ్లి జరిపించి, తెలుగునాట తొలి వితంతు వివాహంగా చరిత్రకెక్కించింది మాత్రం 1881 డిసెంబరు 11న. మధ్యలో పాతికేళ్లు గడిచాయి. ఆ కాలమంతా చట్టం అమల్లోనే ఉంది, ప్రభుత్వం ఏ పెళ్లినీ ఆపలేదు, పదేళ్లు నిండకుండానే బొట్టు చెరిపించుకున్న కూతుళ్లు ఎన్నో ఇళ్లలో కళ్లెదుటే తిరుగుతున్నారు. వాళ్లను చూసి కడుపు తరుక్కుపోయిన తల్లిదండ్రులు ఒక్కరూ లేరనుకోవడం ఆ తరానికి అన్యాయం చేయడమే అవుతుంది. అయినా తెలుగునాట పాతికేళ్ల పాటు చట్టం ఇచ్చిన వీలును వాడుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు.

ఎందుకు రాలేదన్నది ఆ పెళ్లి జరిగిన తీరులోనే కనిపిస్తుంది. పౌరోహిత్యం చేయడానికి బ్రాహ్మణులు భయపడ్డారు, వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు మొహం చాటేశారు. వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మి స్వయంగా గోదావరి నుంచి నీళ్లు మోసి తెచ్చి వంట చేశారు. పెళ్లి సాఫీగా సాగడానికి విద్యార్థులు కాపలా కాశారు. ఖర్చుకు కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య అండగా నిలిచారు. ఇంతా చేస్తే ఆ పెళ్లికి వెళ్లినవారికీ, అక్కడ భోజనం చేసినవారికీ వెలి తప్పలేదు. వెలి అంటే నలుగురూ పలకరించకపోవడంతో పోయేది కాదు. వెలిపడిన ఇంట్లో మిగతా ఆడపిల్లలకు సంబంధాలు రావు, తద్దినానికి భోక్తలు దొరకరు, ఇంట్లో ఎవరైనా పోతే పాడె మోసేందుకు మనుషులు రారు. అంటే ఒక కూతురి బతుకు బాగుచేయాలనుకున్న తండ్రి ఆ పని కోసం మిగతా పిల్లల బతుకులను పణంగా పెట్టాలి. అటువంటి స్థితిలో చేతులు ముడుచుకున్నవాడిని మూఢుడని కొట్టిపారేస్తే అతని లెక్క మనకు అర్థం కాలేదన్నమాట.

ఆ లెక్కను అర్థం చేసుకోవడానికి సమాజశాస్త్రజ్ఞులు చాలా మాటలు వాడారు గానీ, అందులో పనికొచ్చే తేడా ఒకటుంది. మనిషి మనసులో మంచిదని నమ్మేది ఒకటి, ఏళ్ల తరబడి అలవాటుగా చేసుకుపోయేది ఇంకొకటి, నలుగురూ తన నుంచి ఆశిస్తున్నారని అనుకుని చేసేది మూడోది. మొదటిదాన్ని విలువ అనీ, రెండోదాన్ని ఆచారం అనీ, మూడోదాన్ని కట్టుబాటు అనీ అనుకుందాం. ఈ మూడూ కలగలిసి ఉంటాయి కాబట్టి ఒకటేనన్న భ్రమ కలుగుతుంది. కట్టుబాట్ల మీద విస్తారంగా పనిచేసిన తత్త్వవేత్త క్రిస్టీనా బిక్కియేరి ప్రకారం, కట్టుబాటు నిలబడడానికి రెండు ఊహలు చాలు: తోటివాళ్లంతా ఇలాగే చేస్తున్నారన్నది ఒకటి, తానూ ఇలాగే చేయాలని వాళ్లు కోరుకుంటున్నారు, చేయకపోతే తప్పుపడతారన్నది రెండోది. గమనించాల్సిందేమిటంటే ఈ రెండింటిలోనూ ఆ మనిషి సొంత నమ్మకం ప్రస్తావనే లేదు. లోపల ఎవరికీ ఇష్టం లేని ఆచారం కూడా, మిగతావాళ్లందరికీ ఇష్టమేనని ప్రతి ఒక్కరూ అనుకున్నంతకాలం, తరాల పాటు చెక్కుచెదరకుండా నడుస్తుంది.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా తెలుగు నేల మీదే ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివర ఉత్తర కోస్తా బ్రాహ్మణ కుటుంబాల్లో పెళ్లికొడుకు వైపువారు పెళ్లికూతురి తండ్రికి డబ్బు కట్టేవారు. విజయనగరం ప్రభువు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన ఇలాంటి పెళ్లిళ్ల జాబితా తీయిస్తే 1034 లెక్కకు వచ్చాయని, అదీ పూర్తి జాబితా కాదని గురజాడ అప్పారావు తన 'కన్యాశుల్కం' నాటకానికి రాసిన పీఠికలో చెప్పారు. ఏడాది, రెండేళ్ల పసికందులకు కూడా పెళ్లిళ్లు చేసినట్టు ఆ జాబితా చూపిస్తుంది. కొన్ని దశాబ్దాలు తిరిగేసరికి అవే కుటుంబాల్లో డబ్బు ఎదురు దిక్కున నడవడం మొదలైంది. ఇంగ్లీషు చదువు, సర్కారు కొలువు, పట్నంలో జీతం ఉన్న వరుడు అరుదు కావడంతో ఆడపిల్ల తండ్రే అతనికి కట్టాల్సి వచ్చింది. ఇంత పెద్ద తిరుగుడు జరిగినా విలువల్లో మారిందేమిటని చూస్తే దాదాపు ఏమీ లేదు. ఆడపిల్లకు పెళ్లి తప్పనిసరి, అదీ కులంలోనే, గోత్రం చూసుకునే, పెద్దలు కుదిర్చిందే కావాలి అన్న నమ్మకాలన్నీ కన్యాశుల్కం రోజుల్లో ఎలా ఉన్నాయో వరకట్నం రోజుల్లోనూ అలాగే ఉన్నాయి. ఆచారం నెత్తి మీది నుంచి కాళ్ల మీదికి దొర్లినా విలువలకు గీత కూడా పడలేదు. ఒక సమాజం ప్రవర్తన మారిందంటే దాని సంస్కృతి మారిపోయిందని తేల్చేసేవారూ, ప్రవర్తన మారాలంటే ముందు మనసులు మారాలని ఉపన్యసించేవారూ ఈ ఒక్క ఉదాహరణ దగ్గర కాస్త ఆగాలి.

మరి మనసులు మార్చకుండా కట్టుబాటును కదిలించేదేమిటి? దీనికి మన కళ్లెదుట జరిగిన గొప్ప పాఠం నెల్లూరు జిల్లా సారా వ్యతిరేక ఉద్యమం.

1980ల్లో ప్రభుత్వం 'వారుణి వాహిని' పేరుతో సారాను పాకెట్లలో సరఫరా చేయడం మొదలుపెట్టాక మందు ఊరి చివరి కొట్టు దాటి ఇళ్ల మధ్యకూ చేల గట్లకూ వచ్చేసింది. కూలి డబ్బులు చేతిలో పడడానికి ముందే సారా బాకీ కింద జమ అయ్యేవి. ఇంట్లో పొయ్యి వెలగకపోయినా, రాత్రి ఒళ్లు హూనమైనా, తెల్లారాక ఆ ఇల్లాలు పక్కింటావిడతో ఆ మాట ఎత్తేది కాదు. మొగుడు తాగి కొట్టాడని చెప్పుకోవడం ఇంటి పరువు తీయడమే అవుతుంది. మగాడన్నాక తాగుతాడు, సర్దుకుపోవడం ఆడదాని పని, తనకు వచ్చిన కష్టం తన తలరాత అన్న మూడు మాటలు ఆ మౌనానికి కాపలా కాసేవి. ప్రతి ఇంట్లోనూ ఇదే జరుగుతోంది, ప్రతి ఇల్లాలూ ఇది తన ఒక్కదాని సమస్యే అనుకుంటోంది. సారాను అసహ్యించుకోని ఆడమనిషి ఆ ఊళ్లలో వెతికినా దొరకదు, అయినా ఆ అసహ్యం ఊరి అభిప్రాయంగా లెక్కకు రాలేదు. ఇక్కడ లేనిది విలువ కాదు, ఆ విలువ ఎంతమందికి ఉందో ఒకరికొకరికి తెలిసే దారి.

ఆ దారి వేసింది రాత్రి బడి. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. పగలంతా కూలికి వెళ్లొచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట ఒకచోట కూర్చుని అక్షరాలు దిద్దారు. వాచకంలో ఒక పాఠం తాగుడుకు బలైన సంసారం గురించి, కూలి డబ్బు సారా పాలు కావడంతో నలిగిపోయిన ఒక ఇల్లాలి గురించి. ఆ పాఠం చదివి చర్చించమన్నప్పుడు చర్చ వాచకంలోని మనిషి దగ్గర ఆగలేదు. కథలోని ఇల్లాలి గురించి మాట్లాడడానికి ఏ పరువూ అడ్డురాదు కదా. ఆమె పేరు మీద మొదలైన మాటలు కాసేపటికి ఎవరి ఇంటి సంగతి వాళ్లు చెప్పుకోవడం దగ్గరికి వచ్చాయి. అక్షరాస్యత వల్ల ఆ స్త్రీలకు సారా చెడ్డదని కొత్తగా తెలిసిందని రాసేవారు అసలు విషయం వదిలేస్తున్నారు. సారా సంగతి వాళ్లకు వాచకం రాసినవాళ్ల కన్నా బాగా తెలుసు. పక్కన కూర్చున్న ఇరవైమందికీ అదే తెలుసునన్నది ఆ గదిలో బయటపడ్డ కొత్త సంగతి.

కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు కలిసికట్టుగా వెళ్లి సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు ఊరి పేరుతో కలిసి దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతా తెలిసింది. ఆ ఊరి కథనే తర్వాతి వాచకంలో పాఠంగా చేర్చారు. ప్రచార సాహిత్యం రాసే ఎవరైనా శ్రద్ధగా చూడాల్సిన చోటు ఇది. మొదటి పాఠం 'ఇది అందరి కష్టం' అని చెబితే రెండో పాఠం 'పక్క ఊళ్లో చేసి చూపించారు' అని చెప్పింది. ఇలా చేయవచ్చా, చేస్తే ఏమవుతుంది, కొట్టడానికి వస్తారేమో, ప్రభుత్వం కేసులు పెడుతుందేమో అని వెనకాడుతున్న ఊళ్లకు రుజువు దొరికింది. 1992 నాటికి ఆడవాళ్లు సారా బళ్లను దారిలో ఆపి పాకెట్లు పారబోశారు, చీపుళ్లు, కారం పొట్లాలు చేతబట్టి కొట్ల ముందు కూర్చున్నారు, తాగి వచ్చినవాళ్లకు గుండు గీయించి గాడిద మీద ఊరేగించిన ఊళ్లు కూడా ఉన్నాయి. ఆ శిక్షలు నేటి చెవులకు మోటుగా వినిపించవచ్చు గానీ వాటి పని వేరు. నిన్నటిదాకా పరువు పోతుందన్న భయం దెబ్బలు తిన్న ఆడదానికే ఉండేది. ఇప్పుడది తాగినవాడి వైపు తిరిగింది. కట్టుబాటు తల్లకిందులు కావడమంటే అక్షరాలా ఇదే: ఊరిలో సిగ్గుపడాల్సింది ఎవరన్న ప్రశ్నకు జవాబు మారిపోవడం.

కలెక్టరేట్ల దగ్గర సారా వేలంపాటలు పదే పదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమల్లోకి వచ్చింది. ఇక్కడ చట్టం కట్టుబాటు వెనక నడిచింది. ఊళ్లలో ముందే మూతపడ్డ కొట్లకు ప్రభుత్వం తాళం వేసిందనడం సబబు. ఆ తర్వాత ఎన్.టి.రామారావు ప్రభుత్వం 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్య నిషేధం తెచ్చింది. రెండేళ్లు తిరిగాక 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దాన్ని సడలించింది. ఖజానా నష్టం, పక్క రాష్ట్రాల నుంచి దొంగరవాణా, నాటుసారా వంటి కారణాలు అప్పట్లో చాలా చెప్పుకున్నారు, అవన్నీ నిజమే. వాటికి తోడు ఇంకొకటుంది. సారాను ఆపింది ఊరు, ఏ కొట్టు ఎక్కడుందో, ఎవరు ఎంత తాగుతారో తెలిసిన ఊరి ఆడవాళ్లు కాపలా కాశారు. పట్నం బార్లలో తాగే విదేశీ మద్యానికి అలాంటి కాపలా ఎవరూ లేరు, అక్కడ సిగ్గు చేతులు మారలేదు, పోలీసు ఒక్కడే మిగిలాడు. కట్టుబాటు తోడు లేని నిషేధాన్ని పోలీసు ఎంతకాలం మోయగలడు?

మద్యం తిరిగి వచ్చింది కాబట్టి ఉద్యమం ఓడిందనేవారున్నారు. సారా నిషేధం తర్వాత నెల్లూరు ఆడవాళ్లు రోజుకు ఒక్క రూపాయి దాచుకోవడం మొదలుపెట్టారు. పొదుపు లక్ష్మి పేరుతో సాగిన ఆ సంఘాలు తర్వాత రాష్ట్రమంతా అల్లుకున్న డ్వాక్రా సంఘాలకు ఊపిరి పోశాయి. వారానికో నెలకో ఒకచోట కూర్చోవడం, లెక్కలు చూడడం, బ్యాంకుకు వెళ్లి మేనేజరుతో మాట్లాడడం పల్లెటూరి ఇల్లాలికి మామూలు పని అయిపోయింది. 1985లో ఆడవాళ్లు రాత్రిపూట ఒకచోట చేరితే ఊరు గుసగుసలాడేది, 2000 నాటికి సంఘం మీటింగుకు రాని ఆవిడ గురించే ఆరా తీసేది. సారా కొట్టు మళ్లీ తెరవడం ఒక్క జీవో పని. ఆడవాళ్లు కలవడం మామూలేనన్న కట్టుబాటును వెనక్కి తిప్పడం ఏ జీవోకూ సాధ్యం కాలేదు.

ఇదే నేల మీద, ఇదే ఆడవాళ్ల సంఘాలున్న ఊళ్లలో, వరకట్నం మాత్రం కదలలేదు. వరకట్నాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ 1958లోనే సొంత చట్టం చేసింది. 1961లో కేంద్ర చట్టం వచ్చింది. అప్పటి శిక్షాస్మృతిలో 1983లో భర్త, అత్తింటివారి క్రూరత్వంపై సెక్షన్ 498ఎ, 1986లో వరకట్న మరణాలపై 304బి చేరాయి. ఇంత చట్టం ఉండి కూడా కట్నం ఎందుకు సాగుతోందన్న ప్రశ్నకు పెళ్లి మాటల దగ్గర కూర్చుంటే జవాబు దొరుకుతుంది. అక్కడ ఎవరూ ఏమీ అడగరు. "మాకేమీ అక్కర్లేదండీ, మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది మీ ఇష్టం. మీ పెద్దల్లుడిగారికి చేసినట్టే చేయండి చాలు" అంటారు వియ్యాలవారు. చట్టం ముందు రుజువు చేయడానికి ఇందులో అడిగిందేమీ కనపడదు. అమ్మాయి తండ్రికి మాత్రం అంకె స్పష్టంగా వినపడింది. ఆడపడుచు లాంఛనాలు, పసుపు కుంకుమ కింద రాసే పొలం, కారు, ఫ్లాటు అన్నీ 'ఇష్టపడి' ఇచ్చేవే. ప్రభుత్వోద్యోగుల ప్రవర్తన నియమావళి కట్నాన్ని నిషేధిస్తుంది, పెళ్లిళ్ల బజారు ప్రభుత్వోద్యోగం ఉన్న వరుడికే ఎక్కువ వెల కడుతుంది. పైగా చట్టం ఇచ్చినవాడినీ పుచ్చుకున్నవాడినీ ఇద్దరినీ నేరస్థులుగా చూస్తుంది కాబట్టి పెళ్లి నిలిచినంతకాలం ఫిర్యాదు చేసేవాడే ఉండడు. సంసారం విరిగాకే కట్నం పోలీస్ స్టేషన్ గడప తొక్కుతుంది.

సారా దగ్గర సాధ్యమైనది కట్నం దగ్గర ఎందుకు కాలేదంటే, సారా పోతే ఊళ్లో ఆడవాళ్లందరికీ ఒకేసారి లాభం, కాంట్రాక్టరు బయటివాడు. కట్నంలో ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకే ఇంట్లో ఉంటారు. కూతురి పెళ్లికి అప్పు చేసిన తల్లే కొడుకు పెళ్లిలో ఆ అప్పు తీరుస్తుంది. కట్నం తప్పని ఆమెకు లోలోపల తెలుసు, అయినా తానొక్కతే మానేస్తే కూతురికి ఇచ్చింది పోతుంది, కొడుకు ద్వారా వచ్చేది రాదు. కట్నం వద్దన్న అబ్బాయి గురించి పదిమందీ మెచ్చుకునే ముందు 'వాడిలో ఏదో లోపం ఉండి ఉంటుంది' అని అనుమానిస్తారు. ఆదర్శవంతుడిని అనుమానించే చోట కట్టుబాటు బలంగా ఉందని అర్థం.

ఇదే ముడిని ఇంకో వైపు నుంచి విప్పే ప్రయత్నం ఎన్టీఆర్ ప్రభుత్వం చేసింది. 1986లో హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చేలా, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు పిత్రార్జితంలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. వరకట్న దురాచారాన్ని నిర్మూలించడం తన లక్ష్యమని ఆ చట్టం పీఠికలోనే రాసుకుంది. కేంద్రం ఆ హక్కును దేశమంతటికీ 2005లో గానీ ఇవ్వలేదు. ఆలోచన చక్కటిది: ఆస్తిలో వాటా ఎలాగూ ఉంటే కట్నం అవసరమేముంది? ఆచరణలో కట్టుబాటు చట్టాన్ని తనలో కలిపేసుకుంది. 'నీ వాటా కట్నంగా ఇచ్చేశాం కదా' అన్న వాదన పుట్టింది. కట్నం ఆగకపోగా దానికి చట్టం అరువిచ్చిన సమర్థన దొరికింది. తండ్రి పోయాక రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో అన్నదమ్ముల పక్కన నిలబడి, తన వాటా వదులుకుంటున్నట్టు విడుదల దస్తావేజు మీద సంతకం చేసే ఆడబిడ్డను తెలుగువారు చాలామంది చూసే ఉంటారు. ఎవరూ ఆమె చేయి పట్టి సంతకం పెట్టించరు. పెట్టకపోతే పండక్కి పుట్టింటి పిలుపు రాదు, రేపు అత్తింట్లో కష్టం వస్తే అండగా వచ్చే అన్న ఉండడు, వాటా కోసం అన్నదమ్ములను కోర్టుకీడ్చిందన్న పేరు మిగులుతుంది. చట్టం ఆమెకు ఎకరాల్లో హక్కు ఇచ్చింది. పుట్టిల్లు ఎన్ని ఎకరాలకు సమానమో తేల్చేది మాత్రం ఆమె బంధువర్గమే.

ఇలాంటి చిక్కుముడి విడిపోయిన సందర్భం చరిత్రలో లేకపోలేదు. చైనాలో ఆడపిల్లల పాదాలు బిగించి కట్టే ఆచారం దాదాపు వెయ్యేళ్లు నడిచింది. అక్కడా ప్రతి తల్లికీ ఆ నొప్పి తెలుసు, కట్టకపోతే కూతురికి పెళ్లి కాదన్న భయం ఆ నొప్పిని మించింది. పంతొమ్మిదో శతాబ్దం చివర పుట్టిన సంఘాలు సభ్యుల చేత రెండు ప్రమాణాలు చేయించాయి: కూతుళ్ల పాదాలు కట్టబోమని ఒకటి, కొడుకులకు పాదాలు కట్టిన పిల్లను చేసుకోబోమని రెండోది. రాజకీయ శాస్త్రవేత్త గెరీ మేకీ 1996లో రాసిన పరిశోధన ఈ రెండో ప్రమాణమే కీలకమని వాదించింది. పాదాలు కట్టని పిల్లకు వరుడు ఎక్కడ దొరుకుతాడన్న భయం, వియ్యమందే గుంపు మొత్తం ఒకేసారి మాట ఇచ్చినప్పుడు గాలికి ఎగిరిపోయింది. ఒక తరంలో ఆ ఆచారం చాలా చోట్ల కూలిపోయింది.

మన దగ్గర కట్నం వద్దని కాలేజీల్లో చేయించే ప్రతిజ్ఞలు ఇందుకే నీళ్లలో కలుస్తాయి. ఆ గదిలోని అబ్బాయిలూ అమ్మాయిలూ రేపు ఒకరితో ఒకరు వియ్యమందేవారు కారు. వాళ్ల పెళ్లి చర్చలు నడిచే కులం, శాఖ, జిల్లా, ఆస్తి తూకాల వలయం ఆ ప్రతిజ్ఞలో లేనే లేదు. పని జరగాల్సింది ఆ వలయాల్లో, అంటే కుల సంఘాల్లో, పెళ్లిళ్ల పేరయ్యల దగ్గర, కమ్యూనిటీ మాట్రిమొనీ గ్రూపుల్లో. ఆడపిల్లల జీతాలు, ప్రేమపెళ్లిళ్లు, ఈడొచ్చిన అబ్బాయికి సంబంధాలు దొరకని కొన్ని కులాల కొత్త కష్టం అక్కడక్కడా బేరం తిరగేస్తున్నాయి కూడా. అయితే కన్యాశుల్కం వరకట్నంగా మారినప్పటిలాగే, డబ్బు నడిచే దిక్కు మారితే చాలదు. ఈ మార్పును కొలవడానికి పోలీసు కేసుల లెక్క పనికిరాదు, అది విరిగిన సంసారాల లెక్క. ఒక కులంలో, ఒక జిల్లాలో, కట్నం తీసుకోని అబ్బాయిలో లోపం వెతకడం ఎప్పుడు మానేస్తున్నారో, తీసుకున్న అబ్బాయి ఆ సంగతి స్నేహితుల దగ్గర ఎప్పుడు దాచుకోవడం మొదలుపెడుతున్నాడో చూడాలి. ఈ రెండూ ఏ శాఖ గణాంకాల్లోనూ నమోదు కావు.